పదిహేను వేల చుట్లు

కోడలు మెట్ల మీద కాలుజారి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్న వారంలోనే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. కష్టాలు కట్టగట్టుకుని వస్తాయని పెద్దలు ఊరికే అనలేదు. కొడుకు దూరప్రయాణాల బస్సు నడుపుతాడు, ఇల్లు కదిలాడంటే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆ బస్సుకే తెలియాలి. మనవరాలు బడికి పోయింది. ఇంటి ముందుగదిలో పెట్టుకున్న కొట్లో మిగిలింది ఇద్దరే. చేతికి ప్లాస్టరు కట్టుతో కోడలు, చేతులు రెండూ బంగారంలా ఉన్నా చెవులు సగమే పనిచేసే అత్తగారు.

అత్తగారిని అందరూ చిటికమ్మ అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది పిలిచేవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. నూలుమిల్లులో చేరిన కొత్తలో, తిరిగే కదురు మీద తెగిన దారాన్ని చిటికెలో అతికేస్తుందని తోటి ఆడవాళ్ళు పెట్టిన పేరు అది. మిల్లు ఆమెకు ఆ పేరిచ్చి చెవులు తీసుకుంది. ఆ రొదలో గొంతు చించుకున్నా పక్కనున్న మనిషికి మాట అందదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు పెదవులతో మాట్లాడుకునేవాళ్ళు. వరుస ఆ చివర ఒకామె మేస్త్రి నడకను గురించి నాలుగు ముక్కలు పెదవి కదిపితే, ఈ చివర నవ్వులు పుట్టేవి. మేస్త్రికి మాత్రం ఏమీ వినపడేది కాదు. మిల్లు వదిలి వచ్చాక కూడా ఎదుటివాళ్ళ పెదవులు చూస్తూ మాట వినడం ఆమెకు అలవాటైపోయింది. కోడలు ఆ సంగతి గ్రహించి, కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తగారికి ఎదురుగా తిరిగి మాట్లాడడం నేర్చుకుంది. వాళ్ళిద్దరి మధ్య అరుపులు లేకపోవడానికి అది కూడా ఒక కారణమని కొడుకు హాస్యమాడుతుంటాడు.

కోడలి వ్యాపారం చాలామందికి అర్థం కాదు. పెద్ద పెద్ద ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఒక మూలగదిలో కూర్చుని అందరి లెక్కలూ దాచిపెట్టే పెద్ద కంప్యూటర్లుంటాయి. సర్వర్లంటారు. వాటిలో పాతబడినవి ఇంకా వేలల్లో నడుస్తున్నాయి. వాటికి సరిపోయే వేగమైన డిస్కులు ఇప్పుడు కొత్తవి దొరకడం కష్టం. కొత్తరకం డిస్కులు వాటికి పట్టవు. నెమ్మదిగా తిరిగే చవకరకం పెడితే సర్వరుకు ఊపిరాడదు. అందుకని ఎక్కడెక్కడో మూలపడేసిన పెట్టెల్లోంచి డిస్కులు సేకరించి, ఒక్కొక్కదాన్నీ రోజుల తరబడి తిప్పి పరీక్షించి, నిలబడినవాటిని మాత్రమే అడిగినవాళ్ళకు ఇస్తుంది కోడలు. నిలబడనివి కింద గంపలోకి పోతాయి.

ఆ గంపలోని ఒక డిస్కు మూత విప్పి కోడలు చూపించిన రోజు చిటికమ్మకు బాగా గుర్తు. అరచేతిలో పట్టే ఇనుప ఇటుకలా ఉంది. బరువు కూడా ఇటుకంతా ఉంది. మూత తీయగానే లోపలి నుంచి వెలుగు కొట్టింది. అద్దం కాదు, అద్దం కన్నా నున్నటి గుండ్రటి పలకలు, ఒకదాని మీద ఒకటి, నడుమ సన్నటి సందు. పక్కనుంచి పిట్టముక్కులాంటి చిన్న చెయ్యి వాటి మధ్యకు చాచుకుని ఉంది.

"ఇది తిరుగుతుంది అత్తయ్యా. నిమిషానికి పదిహేను వేల చుట్లు" అంది కోడలు.

చిటికమ్మ నవ్వింది. "మా కదురూ అంతే తిరిగేది."

"పదిహేను వేలా?"

"మరి? కొత్త కదుర్ల ఫ్రేములు బిగించిన రోజున ఇంజనీరు మైకు పెట్టి మరీ చెప్పాడు. మాకు వినపడలేదనుకో, మూతి చూసి తెలుసుకున్నాం."

కోడలు నోరు తెరిచి అత్తగారి వంక చూసింది. ఒక జీవితమంతా పదిహేను వేల చుట్లు తిరిగే వందల కదుర్ల మధ్య నడిచిన మనిషి తన ఇంట్లోనే ఉందని ఆమెకు అప్పటిదాకా తట్టలేదు. చిటికమ్మ మాత్రం పలకల మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"మరి దారమేది?"

"దారం లేదు. రాత ఉంటుంది. కంటికి కనపడదు. ఈ చిన్న చెయ్యి రాస్తుంది, చదువుతుంది."

"పలకకి ఆనుకుని రాస్తుందా?"

"ఆనితే చచ్చిందే. తిరిగే పలక మీద గాలి లేస్తుంది కదా, ఆ గాలి మీద తేలుతూ పోతుంది. పలకకీ దీనికీ మధ్య ఎడమెంతో తెలుసా? ఒక వెంట్రుకని నిలువునా వేల పోగులుగా చీలిస్తే, అందులో ఒక పోగంత. పొగలో ఉండే నలుసు కూడా దీనికి కొండే."

చిటికమ్మ తలెత్తి తన గతాన్నంతా ఒక్కసారి చూసుకుంది. మిల్లులో పత్తిపీచు మంచులా కురిసేది. కనుబొమల మీద, అన్నం గిన్నెలో, ఊపిరితిత్తుల్లో కూడా పీచే. కదుర్లు తిరుగుతుంటే నేల అదిరేది. అంత వేగమంటే అంత అదురు, అంత దుమ్ము ఉండి తీరాలని ఆమె నమ్మకం. ఇక్కడ అదే వేగం ఒక మూసిన పెట్టెలో, నలుసైనా లేని చోట, దేన్నీ తాకకుండా జరుగుతోంది. "ఎవరు చేశారే అమ్మాయ్ దీన్ని?" అని మాత్రం అడగగలిగింది. ఎవరో ఒకరు కాదనీ, ఎన్నో ఏళ్ళపాటు ఎందరో కలిసి చేశారనీ కోడలు చెప్పింది. ఆ పూట చిటికమ్మకు వంట మీద మనసు నిలవలేదు.

ఇక ఫోను సంగతి. కంతి జబ్బులకు కిరణాలతో వైద్యం చేసే ఆసుపత్రి అది. అక్కడి పాత సర్వరులో వేగమైన డిస్కులు ఎనిమిది. ఏ రోగికి ఏ వైపు నుంచి, ఎంత కిరణం, ఎంతసేపు పంపాలో ఆ పథకాలన్నీ అందులో ఉంటాయి. పొద్దున ఒక డిస్కు చచ్చిపోయింది. మిగతా ఏడూ బరువు పంచుకుని బండి లాగుతున్నాయి. ఇంకొకటి పోయిందంటే మాత్రం అంతా పోయినట్టే. పోయిన వారం తీసిన నకలు ఉంది గానీ, ఆ తర్వాత వేసిన పథకాలన్నీ మళ్ళీ మొదటి నుంచి వెయ్యాలి. సగం వైద్యంలో ఉన్నవాళ్ళు అంతదాకా ఆగాలి. కొత్త సర్వరు వస్తుందన్నారు, అది ఇంకా దారిలోనే ఉంది.

"డిస్కు తెస్తాను, మీరు పెట్టగలరా?" అని అడిగింది కోడలు ఫోనులో. అవతల ఆసుపత్రి కంప్యూటర్ల ఇంజనీరు మంచివాడు, ఉన్నమాట చెప్పాడు. ఆ పెట్టెలో డిస్కులు పట్టి ఉంచే గొళ్ళేలు కొన్ని విరిగిపోయాయి. సందులోకి వేళ్ళు పెట్టి, పక్కదాన్ని కదల్చకుండా మెల్లిగా లాగాలి. పోయినసారి తను లాగితే పక్కది కూడా ఊడొచ్చింది. "నా వేళ్ళు చూశారుగా మేడమ్, అరటిపళ్ళు" అన్నాడు.

ఫోను పెట్టేసి కోడలు తన కట్టు వంక చూసుకుంది. తర్వాత అత్తగారి చేతుల వంక చూసింది. సన్నటి, పొడుగాటి వేళ్ళు. దశాబ్దాలపాటు తిరిగే కదురుకూ కదురుకూ మధ్య దూరి దారం అందుకున్న వేళ్ళు.

"అత్తయ్యా, మీరు నాతో రావాలి."

"సంచి మొయ్యడానికా?"

"కాదు, నా చెయ్యిగా."

 చిటికమ్మ వెళ్ళి చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చింది. పరీక్షల్లో నెగ్గిన రెండు డిస్కులను కోడలు చెప్పినట్టే చిన్న ఇనుపచట్రాల్లో కూర్చోబెట్టి, నువ్వుగింజంత మరలు బిగించింది. వాటిని మెత్తటి గుడ్డలో చుట్టి, బస్సులో దారి పొడుగునా నిద్రపోయే పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుంది.

ఆసుపత్రి నడవాలో బల్లల మీద జనం వరుసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ వెనుక గోడ అరల్లో తెల్లటి జల్లెడలాంటి తొడుగులు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక ముఖం. ముక్కు, గడ్డం, మూసిన కళ్ళ గుంటలు. తలకూ గొంతుకూ కిరణం పెట్టేటప్పుడు మనిషి కదలకుండా వాళ్ళ ముఖానికే పోత పోసి చేస్తారని కోడలు చెప్పింది. చిటికమ్మ ఆ ముఖాల ముందు నుంచి తల వంచుకుని నడిచింది.

సర్వరు గదిలోకి అడుగుపెట్టగానే చలి ముఖాన కొట్టింది. వెనువెంటనే రొద. పంకాల హోరు కింద, అంతకన్నా సన్నటి ఒక కూత, ఎడతెగకుండా. ఇంజనీరు తలుపు నిండా ఉన్నాడు, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని ఏదో అరుస్తున్నాడు. చిటికమ్మకు మాత్రం ఎన్నో ఏళ్ళ తర్వాత సొంత ఊళ్ళోకి వచ్చినట్టుంది. ఆ కూత ఆమె చెవుల్లోకి కాదు, పళ్ళలోకి, మోచేతుల్లోకి వచ్చింది. పదిహేను వేలు. ఒళ్ళు గుర్తుపట్టింది.

"అరవక్కర్లేదు బాబూ, మూతి కదిపితే చాలు" అంది ఇంజనీరుతో. అతను తికమకపడి కోడలి వంక చూశాడు. కోడలు నవ్వింది.

బీరువాలాంటి నల్లటి చట్రంలో, నడుము ఎత్తున, ఆ పెట్టె ఉంది. ఎనిమిది డిస్కులు నిలువుగా, పుస్తకాల్లా. ఏడింటికి పచ్చదీపాలు. ఒకదానికి నారింజరంగు దీపం.

"నాలుగోది" అని పక్కనున్న తెర చూసి చెప్పాడు ఇంజనీరు.

చిటికమ్మ ఎడమ నుంచి వేలు పెట్టి లెక్కపెట్టింది. నాలుగోదానికి పచ్చదీపమే ఉంది. నారింజదీపం ఐదోదానికి. ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది.

కోడలు ముందుకు వచ్చింది. "ఇక్కడ సున్నా నుంచి లెక్క అత్తయ్యా. సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు. దీపం ఉన్నదే."

"ఇలా లెక్కపెట్టి వడ్డిస్తే పంక్తిలో ఒకడికి పస్తే" అంది చిటికమ్మ. ఇంజనీరు అరటిపళ్ళ వేళ్ళు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుతో గదిలో బిగుతు కాస్త సడలింది.

"పెట్టె ఆపరా?" అని అడిగింది ఆమె.

కోడలు తల అడ్డంగా తిప్పింది. "నడుస్తుండగానే తీస్తాం, నడుస్తుండగానే పెడతాం."

చిటికమ్మ తలూపింది. దారం తెగితే ఫ్రేము ఎవరాపారు గనక. పక్క కదుర్లు తిరుగుతూనే ఉండేవి, వాటి మధ్యకు చెయ్యి పోయి వచ్చేది.

సందులోకి రెండు వేళ్ళు దూర్చి, విరిగిన గొళ్ళెం మొదలును నొక్కిపట్టింది. పక్క డిస్కు గోడకు బొటనవేలు ఆనించి, అది కదలకుండా చూసుకుంటూ, చచ్చినదాన్ని తన వైపుకు లాగింది. అంగుళం జరిగింది.

"ఆగండి" అని కోడలి పెదవులు అన్నాయి. "లోపల ఇంకా తిరుగుతోంది. ఆగేదాకా పట్టుకోండి."

చిటికమ్మ పట్టుకుంది. రాత చదవడం మానేసిన డిస్కే గానీ తిరగడం మానలేదు. కరెంటు తెగిన క్షణం నుంచి ఆ తిరుగుడు కొద్దికొద్దిగా దిగుతోంది. ఆమె వేళ్ళ కొసల్లో సన్నటి కూత మూలుగైంది, మూలుగు జలదరింపైంది. చెయ్యి కొంచెం వంచబోతే అది ఎదురు తిరిగింది, ఇష్టంలేని పిల్ల మణికట్టు విదిలించుకున్నట్టు. తర్వాత ఏమీ లేదు. వట్టి ఇనుము.

"ఎప్పటి నుంచి తిరుగుతోంది ఇది?" అని అడిగింది దాన్ని గుడ్డలో పెడుతూ.

ఇంజనీరు చెప్పాడు. "పెట్టినప్పటి నుంచీ ఆగలేదు అమ్మగారూ. నేను ఈ ఉద్యోగంలో చేరకముందే పెట్టారు."

చిటికమ్మ మనసులో లెక్క వేసుకుంది. మనవరాలు అప్పటికి పుట్టలేదు. తన భర్త ఇంకా బతికే ఉన్నాడు. మిల్లులో కదురు ఎంత తిరిగినా కండె నిండగానే ఆపేవాళ్ళు, దించేవాళ్ళు, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. ఇవి దించుడు లేకుండా, పుట్టుకలూ చావులూ దాటుకుని, ఒక్క బిగిన తిరుగుతూనే ఉన్నాయి. ఆమె ఆ చట్రం ముందు మిగిలిన ఏడు పచ్చదీపాల వంక చూసి, చెప్పులు బయట విడవాల్సిందేమో అనుకుంది.

కొత్తది లోపలికి తోసింది. చివర చిన్న ఎదురు, తర్వాత లోతుగా ఒక టక్కు. ఆ మరుక్షణం ఆమె అరచేతి కింద అది మేల్కొంది. ముందు ఒక వణుకు, ఆ వణుకు లేచి లేచి కూతై, పక్కనున్న ఏడింటి కూతలో కలిసిపోయింది. ఏది కొత్తదో ఏది పాతదో ఇక తెలియలేదు. దీపం పచ్చగా మిణుకుమంది.

కోడలు తెర వంక చూసి గట్టిగా ఊపిరి వదిలింది. "నింపడం మొదలెట్టింది."

"ఏం నింపుతుంది? పోయినది పోయిందిగా."

కోడలు ఎడమచేత్తో ఆమెను పక్కకు తీసుకెళ్ళింది. "ఏడుగురున్నారనుకోండి. తలా ఒక అంకె రాసుకున్నారు. ఎనిమిదో మనిషి ఆ ఏడింటినీ కూడి, మొత్తం రాసుకున్నాడు. ఇప్పుడు ఏడుగురిలో ఒకడు పోయాడు. వాడి అంకె ఎంత?"

చిటికమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "మొత్తంలోంచి మిగిలినవాళ్ళవి తీసేస్తే..." అని ఆగిపోయింది.

"అంతే. ప్రతి ముక్కకీ ఇప్పుడు అదే చేస్తున్నాయి. పోయినవాడు ఏం రాసుకున్నాడో మిగతా ఏడుగురూ కూర్చుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కొత్తవాడికి చెబుతున్నారు."

చిటికమ్మ మళ్ళీ వెళ్ళి పెట్టె ముందు నిలబడింది. ఎనిమిది దీపాలు ఒకే ఊపిరిగా మిణుకుమంటున్నాయి. పోయినవాడి మాట ఒక్కరి దగ్గర కూడా పూర్తిగా లేదు. అందరి దగ్గరా కలిపి మాత్రం ఒక్క అక్షరం పోకుండా ఉంది.

పాతవాటి మీద బరువు పెరగకుండా, నింపడం పూర్తయ్యేదాకా వైద్యం ఆపమని కోడలు అడిగింది. పెద్ద డాక్టరమ్మ ఒప్పుకుని, నడవాలోని వాళ్ళకు తనే వచ్చి చెప్పింది. సాయంత్రం దాకా పట్టవచ్చు, వెళ్ళి రేపు రావాలనుకున్నవాళ్ళు రావచ్చు అని. ఎవరూ లేవలేదు.

మంచినీళ్ళ కోసం చిటికమ్మ బయటికి వచ్చినప్పుడు బల్ల చివర కూర్చున్న ఒకాయన చెయ్యి ఎత్తాడు. మెడకు పలుచని రుమాలు, జేబులో పెన్ను. పక్కనున్న ఆడమనిషి, ఆయన చెల్లెలట, పరిచయం చేసింది. "మా అన్నయ్య బడిలో లెక్కలు చెప్పేవాడండి. గొంతు పోయింది. ఏమంటున్నాడో మాకెవరికీ తెలీదు, పలక మీద రాయమంటే విసుక్కుంటాడు."

ఆయన పెదవులు కదిలాయి. ఒక గాలి తప్ప శబ్దమేమీ రాలేదు.

"మిషను బాగుపడిందా అని అడుగుతున్నారు" అంది చిటికమ్మ.

చెల్లెలు తెల్లబోయింది. ఆయన ఇంకా తెల్లబోయాడు. తర్వాత ఆయన పెదవులు గబగబా కదిలాయి, గేటు తీసిన నీళ్ళలా.

"మెల్లిగా మాష్టారూ, నాకూ వయసైంది" అంది చిటికమ్మ, పక్కన కూర్చుంటూ.

ఆయన నవ్వి, మెల్లిగా మొదలుపెట్టాడు. ఎన్ని వారాలుగానో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మనుషులు చెవి ముందుకు పెడతారే గానీ ముఖం చూడరు. మీకెలా వచ్చిందీ విద్య? ఆమె మిల్లు గురించి చెప్పింది. మేస్త్రి నడక గురించి కూడా చెప్పింది. ఆయన భుజాలు ఊగిపోయేటట్టు నవ్వాడు, చప్పుడు లేకుండా. చెల్లెలు కళ్ళు తుడుచుకుంది.

పాడైంది మిషను కాదు, అందరి పథకాలూ దాచే పెట్టెలో ఒక డిస్కని ఆమె చెప్పాక, ఆయన అడిగాడు. "ఆ పెట్టెలో నేనున్నానా?"

చిటికమ్మ తడుముకోలేదు. "ఉన్నారు. ఇప్పుడు మిగతావాళ్ళు కొత్తవాడికి మిమ్మల్ని అప్పజెబుతున్నారు." ఏడుగురి అంకెలూ, ఎనిమిదోవాడి మొత్తం, తనకు అర్థమైనంత చెప్పింది. లెక్కల మాష్టారు కదా, సగంలోనే అందుకున్నాడు. చూపుడువేలు గాలిలో కూడిక గీత గీసింది. ఆ వేలు అలాగే నిలిచిపోయింది.

"ఇంత చిన్న లెక్కా?" అన్నాయి ఆయన పెదవులు. "రెండో తరగతిలో చెప్పేది."

ఆమె తిరిగి వెళ్ళేసరికి గదిలో ఎవరి ముఖంలోనూ నెత్తురు లేదు. తెర మీద అంకె పెరగడం మానేసింది. మూడోదానికి, అంటే ఇంజనీరు లెక్కలో రెండోదానికి, పచ్చదీపం ఆగి ఆగి వెలుగుతోంది. పాత డిస్కుల్లో ఒకటి ఒక చోట రాసింది చదవలేక తడబడుతోందని కోడలి పెదవులు చెప్పాయి. అది గనక చేతులెత్తేస్తే ఇంక అంతే.

"ఒక్కసారి ఆపి మళ్ళీ మొదలెడదామా మేడమ్?" అన్నాడు ఇంజనీరు. అతని చొక్కా ఆ చలిలోనూ తడిసిపోయింది.

"వద్దు. ఇన్నేళ్ళు తిరిగింది ఆగితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. ఆగద్దు. చూద్దాం."

"చేసేదేం లేదా?" అని అడిగింది చిటికమ్మ.

"లేదు అత్తయ్యా. అది చదవాలి, అంతే. చదవలేకపోతే మళ్ళీ తిరిగి వచ్చి చదువుతుంది. ఒక్క అక్షరం కోసం ఎన్ని వందల చుట్లయినా తిరుగుతుంది, దొరికేదాకా."

చిటికమ్మ వంగి ఆ డిస్కు అంచు మీద ఒక వేలు, ఈగ వాలినంత తేలిగ్గా, ఆనించింది. కూత మధ్యలో చిన్న పొర. టిక్. మళ్ళీ వచ్చి, టిక్. ఒకే చోటికి, అదే ఎత్తున, వెంట్రుకలో పోగంత ఎడంలో, పడిపోకుండా మళ్ళీ మళ్ళీ వస్తోంది. తెగిన దారం కొస కోసం వెతికే తన వేళ్ళకు ఆ ఓపిక తెలుసు. కానీ తను ఎప్పుడూ ఇంత ఓపిక పట్టలేదు. ఎవరి బిడ్డవమ్మా నువ్వు, అనుకుంది. ఆమె పెదవులు కదిలాయి. కోడలు చూసింది. వచ్చి, మంచి చెయ్యి ఆమె భుజం మీద వేసింది.

ఎంతసేపు అలా ఉన్నారో. టిక్ ఆగిపోయింది. వేలి కింద కూత మళ్ళీ నున్నగా, పొర లేకుండా, పారింది. తెర మీద అంకె ఒకటి కదిలింది. ఇంకొకటి. ఇంజనీరు కుర్చీలో కూలబడి ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు.

నింపడం పూర్తయ్యేసరికి బయట ఎండ పసుపురంగుకు తిరిగింది. తడబడిన పాతదాన్ని కూడా తీసి, రెండో డిస్కు పెట్టింది చిటికమ్మ. ఈసారి ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేదు. దాని లోపలి తిరుగుడు దిగి దిగి ఆగేదాకా, మొదటిదాన్ని పట్టుకున్నంతసేపే, కదలకుండా పట్టుకుని నిలబడింది. ఆ రెండోదాన్ని నింపడానికి మళ్ళీ సమయం పడుతుంది గానీ, అంతకు ముందే పథకాలన్నిటికీ కొత్త నకలు తీశారు. ఇక భయం లేదన్నాడు ఇంజనీరు. పెద్ద డాక్టరమ్మ రోగులను లోపలికి పిలవమంది.

మొదట పిలిచింది మాష్టారినే. ఆయన లోపలికి పోతూ ఆగి, డాక్టరమ్మ వైపు తిరిగి, చిటికమ్మను చూపించి ఏదో అన్నాడు. డాక్టరమ్మకు అర్థం కాలేదు.

"ఏమంటున్నారమ్మా?" అని చిటికమ్మనే అడిగింది.

చిటికమ్మకు చెప్పడానికి సిగ్గేసింది. "నన్ను ఆయనకి చూపించమంటున్నారు. కాదు, ఆయన్ని నాకు. ఆ పెట్టెలో ఎలా ఉన్నారో."

డాక్టరమ్మ తలూపింది.

మాష్టారిని లోపలిగదిలో బల్ల మీద పడుకోబెట్టి, జల్లెడ తొడుగు ముఖానికి బిగించి, అందరూ బయటికి వచ్చేశారు. మందపాటి తలుపు మూసుకుంది. ఇవతలి గదిలో మిషను నడిపే అమ్మాయి తెర మీద ఆయన పేరు తట్టింది. రెప్పపాటు ఆలస్యం. ఆ రెప్పపాటులో పలకలు ఎన్నిసార్లు తిరిగి ఉంటాయోనని చిటికమ్మ అనుకుంటుండగానే తెర నిండింది. ఒక మెడ, అడ్డంగా కోసిన పొరల్లా, ఒకదాని కింద ఒకటి. నడుమ ఎర్రటి మరక. దాని వెనుక పచ్చటి చిన్న చుక్క.

"ఎర్రటిది కంతి" అంది అమ్మాయి. "పచ్చటిది వెన్నుపాము. దాన్ని తాకకూడదు. చుట్టూ తిరుగుతూ, ఒక్కో వైపు నుంచి ఒక్కో ఆకారంలో కిరణం వస్తుంది. ఎక్కడ ఎంత రావాలో అంతా ఇందులోనే ఉంది."

పక్కనున్న ఇంకో తెరలో మాష్టారు కనిపిస్తున్నాడు. ఆయన పైన పెద్ద తెల్లటి మిషను చెయ్యి చాచుకుని ఉంది. అమ్మాయి మీట నొక్కింది. ఆ చెయ్యి కదిలింది. ఎంత నెమ్మదిగా అంటే, కదులుతోందని కాసేపటికి గానీ తెలియలేదు. ఆయన భుజం పక్క నుంచి పైకి, ముఖం మీదుగా, ఆ వైపుకు, చంటిపిల్ల నిద్ర చెడకుండా ఉయ్యాల చుట్టూ నడిచే తల్లిలా తిరుగుతోంది.

అక్కడ ఆ చలిగదిలో నిమిషానికి పదిహేను వేల చుట్లు, ఇక్కడ ఒక మనిషి చుట్టూ ఈ ఒక్క చుట్టు కోసం. చిటికమ్మ చేతులు ఏం చేయాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

కోడలు వెనుక నుంచి వచ్చి, ఎదురుగా తిరిగి, పెదవి కదిపింది. "వెళ్దామా అత్తయ్యా? పిల్ల బడి నుంచి వచ్చేసి ఉంటుంది."

చిటికమ్మ తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"ఉండమ్మా" అంది. "చుట్టు పూర్తి కానీ."